ఎస్టేటుకీ పొలానికీ మధ్య గీత
(ఆచార్య ఎన్.జి. రంగా స్మారక ఉపన్యాస పాఠం)

ప్రజాప్రతినిధి వేదికల మీద ఏం మాట్లాడాడో వెతకడం తేలిక. పేపర్లు రాస్తాయి, అభిమానులు సంపుటాలు వేస్తారు, చివరికి విగ్రహం కింద శిలాఫలకం కూడా చెబుతుంది. సభలో బిల్లు ఓటుకు వచ్చిన రోజున ఆయన ఎటువైపు ఉన్నాడో వెతకబోతే మాత్రం మన దేశంలో చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగి రావాల్సిందే. అనుకూలంగా ఉన్నవాళ్లని అవుననమంటారు స్పీకర్, వ్యతిరేకులని కాదనమంటారు. రెండు కేకలు వినబడతాయి. అవునన్నవారే ఎక్కువని ప్రకటన వస్తుంది, బిల్లు నెగ్గిపోతుంది. మూజువాణి ఓటంటే ఇంతే. ఎవరు గట్టిగా అరిచారు, ఎవరు నోరు మెదపలేదు, ఎవరు ఆ సమయానికి క్యాంటీన్‌లో కాఫీ తాగుతున్నారు అన్నది ఎక్కడా ఎక్కదు.

పేరుపేరునా ఓటు అచ్చులోకి వచ్చేది ఎవరైనా డివిజన్ అడిగినప్పుడే. వెనకటి రోజుల్లో సభ్యులు లేచి లాబీల్లోకి నడిచి లెక్కకు నిలబడేవారు. 1957లో లోక్‌సభలో ఓటు యంత్రం పెట్టాక కూర్చున్న చోటే మీట నొక్కడం మొదలైంది. మామూలు బిల్లులకు ఈ శ్రమ అరుదుగా పడతారు. రాజ్యాంగ సవరణకు మాత్రం తప్పదు. 368వ అధికరణం రెండు గట్లు కట్టింది: హాజరై ఓటు వేసినవాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి, సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కావాలి. తలలు లెక్కపెట్టకుండా ఆ గట్లు దాటడం కుదరదు. అందువల్ల మన ప్రతినిధుల అసలు రంగు చూడాలంటే రాజ్యాంగ సవరణల రోజులూ, అవిశ్వాస తీర్మానాల రోజులూ వెతకాలి.

గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900 నవంబరు 7న పుట్టిన గోగినేని రంగనాయకులు అనే రంగా విషయంలో ఈ వెతుకులాటకు తగిన ఫలితం ఉంది. బ్రిటిష్ కాలపు కేంద్ర శాసనసభలో మొదలై, రాజ్యాంగ సభ మీదుగా, 1991లో తొమ్మిదో లోక్‌సభ రద్దయ్యేదాకా సాగిన ప్రయాణం ఆయనది. ఇంత సుదీర్ఘంగా చట్టసభల్లో ఉన్నందుకు గిన్నిస్ పుస్తకం ఎక్కారు. గిన్నిస్ సంగతి అలా ఉంచుదాం. కుర్చీలో ఎన్నేళ్లు కూర్చున్నారన్నది ఒక లెక్క, కూర్చుని ఏం చేశారన్నది వేరే లెక్క.

పైపైన చూస్తే ఆ రెండో లెక్క గజిబిజిగానే ఉంటుంది. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. అప్పటికి ఆయన సోషలిస్టుల మధ్య, కమ్యూనిస్టుల మధ్య తిరిగే ఎర్ర కండువా మనిషి. 1951లో కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టుల మీద కాంగ్రెస్‌తో చెయ్యి కలిపారు. 1957లో కాంగ్రెస్ టికెట్ మీదే తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. 1972లో మళ్లీ కాంగ్రెస్. ఈ జాబితా చదివిన కుర్రవాడు ఈయన కూడా జంపు జిలానీయేనా అని అడిగితే తప్పు పట్టడానికి లేదు.

పార్టీ కండువాలను పక్కన పెట్టి భూమి మీద వచ్చిన బిల్లులను, తీర్మానాలను ఒక్కొక్కటే తీసి చూస్తే వేరే మనిషి కనిపిస్తాడు. ఎస్టేటుకీ రైతు పొలానికీ మధ్య ఒక గీత గీసుకుని, అరవై ఏళ్లు దాదాపు అక్కడే నిలబడ్డ మనిషి. పార్టీలు ఆ గీతకు ఇటూ అటూ జరిగాయి. ఆయన నిలకడ అక్కడుంది. ఆయన చూడని చోటు కూడా ఆ గీత దగ్గరే ఉంది.

ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి 1926లో తిరిగొచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠాలు చెప్పిన ఆచార్యుడికి రాజకీయం అంటింది పన్ను దగ్గర. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ప్రభుత్వం రీసెటిల్మెంట్ చేసి భూమిశిస్తును రూపాయికి మూడణాల మేర పెంచబూనింది. ధాన్యం ధరలేమో పాతాళానికి దిగుతున్నాయి. శిస్తు కట్టడానికి గాదె ఖాళీ చేసినా చాలని రోజులవి. 1930ల మొదట్లో రంగా ఊరూరా తిరిగి రీసెటిల్మెంట్ వద్దనిపించారు. వెంటనే వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంలోకి దిగారు. ఇక్కడే ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. డెల్టా రైతు రైత్వారీ పట్టాదారు, సర్కారుకు నేరుగా శిస్తు కడతాడు. వెంకటగిరి రైతు జమీందారుకు కడతాడు. పుల్లరి, నీటి తీరువా, మామూళ్లు, వెట్టి అన్నీ దివాణానికే. ఒకరికి తన పొలం మీద హక్కు ఉంది, భారం ఎక్కువ. రెండోవాడికి హక్కే అనుమానం. రెండోవాడిని మొదటివాడి స్థాయికి తేవాలన్నది రంగా కార్యక్రమం మొత్తం. నిడుబ్రోలులో పెట్టిన రైతాంగ విద్యాలయంలో కార్యకర్తలకు నేర్పింది ఇదే. 1930ల చివర ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచిన జనం అడిగింది కూడా ఇదే.

1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు, రైత్వారీగా మార్పు చట్టం చేసింది. చట్టం పేరులోనే రంగా కార్యక్రమం ఉంది: ఎస్టేటు పోవాలి, దాని స్థానంలో రైత్వారీ రావాలి. జమీందార్లు ఊరుకోలేదు, దేశమంతటా కోర్టులకెక్కారు. దాంతో 1951లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. 31ఏ అధికరణం పుట్టింది, తొమ్మిదో షెడ్యూలు పుట్టింది. ఆ షెడ్యూల్లో చేర్చిన చట్టాన్ని ప్రాథమిక హక్కులకు విరుద్ధమంటూ కొట్టేయడానికి లేదు. మొదటి విడతలో చేర్చిన 13 చట్టాల్లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఒకటి. వెంకటగిరిలో దెబ్బలు తిన్న రైతుకు రాజ్యాంగమే గొడుగు పట్టిన సందర్భమది.

పదమూడేళ్ల తర్వాత అదే గొడుగు ఎవరి నెత్తి మీదికి వచ్చిందన్నదే అసలు కథ.

మధ్యలో ఆంధ్ర రాజకీయం చాలా నడిచింది. దాన్ని క్లుప్తంగానే చెప్పుకుందాం. ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీలో రంగా మీద సంజీవరెడ్డి నెగ్గడం, ప్రకాశం ప్రజా పార్టీ, రంగా కృషికార్ లోక్ పార్టీ, 1955లో 196 స్థానాల్లో కాంగ్రెస్ కూటమికి 146, కమ్యూనిస్టులకు 15. ఆ 146లో కృషికార్ లోక్ పార్టీ వాటా 22. ముఠాలు, కులాలు, పంతాలు అన్నీ ఉన్నాయి అందులో. వాటి మీద పుస్తకాలే ఉన్నాయి. ఈ ఉపన్యాసానికి కావలసింది ఒక్క ముక్క: కాంగ్రెస్‌తో రంగా మళ్లీ కలవడం కమ్యూనిస్టు భయంతో జరిగింది, నెహ్రూ వ్యవసాయ విధానం మీద నమ్మకంతో కాదు.

ఆ నమ్మకం లేదన్న సంగతి 1959 జనవరిలో బయటపడింది. నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని తీర్మానంగా ఆమోదించింది. గట్లు తీసేసి పొలాలు కలిపి సాగు చేయాలి, హక్కు కాగితం మీద రైతుకే ఉంటుంది, పంటలో వాటా భూమిని బట్టి, పనిని బట్టి అందుతుంది. నెహ్రూ దృష్టిలో చిన్న కమతం దండగ, కలిపితే ట్రాక్టరు తిరుగుతుంది, దిగుబడి పెరుగుతుంది. ఆ సభలోనే ఉత్తరప్రదేశ్ నుంచి చరణ్ సింగ్ ఎదురు చెప్పారు. కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శిగా ఉన్న రంగా రాజీనామా ఇచ్చి బయటికే వచ్చేశారు. గట్టు పోయాక హక్కు కాగితం ఎందుకు పనికొస్తుందన్నది ఆయన వాదం. గట్టు తగాదాల్లో తలలు పగిలిన ఊళ్లు చూసినవాళ్లకి ఆ మాట ఎంత దూరం వెళుతుందో ప్రత్యేకం చెప్పక్కర్లేదు.

అదే ఏడు జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీని ప్రకటించారు. రాజాజీ ప్రాణం, రంగా అధ్యక్షుడు, మినూ మసానీ కార్యదర్శి. 1962 ఎన్నికల్లో ఆ పార్టీకి లోక్‌సభలో 18 స్థానాలు దక్కాయి. పార్టీ అధ్యక్షుడు మాత్రం తెనాలిలో ఓడిపోయారు. గెలిచింది కమ్యూనిస్టు పార్టీ. అనంతశయనం అయ్యంగార్ గవర్నరుగా వెళ్లడంతో చిత్తూరు ఖాళీ అయింది, ఉప ఎన్నికలో అక్కడి నుంచి రంగా సభకు వచ్చారు. చైనా యుద్ధం, ఓటమి, 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానం వరసగా జరిగాయి. స్వతంత్ర భారతంలో అదే మొదటి అవిశ్వాసం. తీర్మానానికి అనుకూలం 62, వ్యతిరేకం 347. స్వతంత్ర పార్టీ ఆ 62 వైపు. ఫలితం ముందే తెలిసిన ఓటు కాబట్టి ఎవరికీ నొప్పి లేదు, సభకు మంచి ఉపన్యాసాలు మిగిలాయి.

ఉపన్యాసాలు మాత్రమే మిగలని ఓటు మరుసటి ఏడు వచ్చింది.

దాని మూలం కేరళలో ఉంది. కాసరగోడ్, హోస్‌దుర్గ్ తాలూకాలు 1956 దాకా మద్రాసు రాష్ట్రంలోని దక్షిణ కన్నడ జిల్లాలో ఉండేవి. అక్కడి పొలాలు మద్రాసు రైత్వారీ పట్టాలు. నిడుబ్రోలు రైతు చేతిలో ఉన్నలాంటి పట్టాలే. కేరళ ప్రభుత్వం 1961లో వ్యవసాయ సంబంధాల చట్టం తెచ్చింది. భూపరిమితి, కౌలుదారుకు హక్కు, అన్నీ అందులో ఉన్నాయి. కున్హికోమన్ కేసులో అక్కడి పట్టాదారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1961 డిసెంబరులో కోర్టు ఏమందంటే, 31ఏ రక్షణ ఎస్టేట్లను రద్దు చేసే చట్టాలకు ఉంది, అక్కడి రైత్వారీ భూమి ఎస్టేటు కిందికి రాదు, కాబట్టి ఆ భూముల వరకు ఈ చట్టం నిలవదు. ఇంకో విధంగా చెప్పాలంటే రంగా జీవితమంతా గీసిన గీతనే సుప్రీంకోర్టు గీసింది. జమీందారు వేరు, పట్టాదారు వేరు.

ఢిల్లీకి ఇది మింగుడు పడలేదు. ఈ లెక్కన దక్షిణాదిలో సగానికి సగం భూపరిమితి చట్టాలు కూలిపోతాయి. అందుకని పదిహేడో సవరణ బిల్లు తయారైంది. దాని గుండెకాయ 31ఏ అధికరణంలోని ఎస్టేటు నిర్వచనం. అందులోకి జాగీర్లు, ఇనాములతో పాటు రైత్వారీ భూమిని కూడా ఎక్కించారు. సాగు కోసం, సాగుకు అనుబంధంగా ఉన్న ఏ భూమైనా ఎస్టేటే అన్నారు. బీడు, అడవి, పచ్చిక బయలు చేర్చారు. చివరికి సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఊరి చేతివృత్తులవాళ్లు కట్టుకున్న ఇళ్ల స్థలాలు కూడా. చట్టం రాసేవాళ్లు కంతలు పూడ్చే తొందరలో ఉంటే ఎంత దూరం పోతారో చూడటానికి ఆ ఉపవాక్యం ఒక్కసారి చదవాలి. కూలివాడి గుడిసె కింది రెండు సెంట్లూ, వెంకటగిరి రాజావారి వేల ఎకరాలూ రాజ్యాంగం దృష్టిలో ఒకే పేరుతో నిలబడ్డాయి.

బిల్లు రెండో పని కూడా చేసింది. తొమ్మిదో షెడ్యూల్లో అప్పటిదాకా ఉన్న 20 చట్టాలకు ఇంకో 44 కలిపింది. కొత్తగా కలిపినవాటిలో మొట్టమొదటిది, 21వ నంబరు, 1961 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కమతాల పరిమితి చట్టం. పదమూడేళ్ల కిందట జమీందారీ రైతును కాపాడిన షెడ్యూలు ఇప్పుడు పట్టాదారు రైతు మీద పరిమితి పెట్టే చట్టాన్ని కాపాడబోతోంది. రంగాకు ఇది ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. లోక్‌సభలో స్వతంత్ర పార్టీ బిల్లును మొదటినుంచీ ఎదిరించింది, ఆ దండుకు నాయకుడు రంగాయే.

1964 ఏప్రిల్ చివర్లో బిల్లు ఓటుకు వచ్చింది. కాంగ్రెస్‌కు 1962 ఎన్నికల్లో వచ్చిన స్థానాలు 361. ప్రతిపక్షంలోనూ చాలామంది ఈ బిల్లుకు అనుకూలమే. వ్యతిరేకంగా మీట నొక్కింది బహు కొద్దిమంది. అయినా బిల్లు పడిపోయింది. అనుకూల ఓట్లు సభ మొత్తం సంఖ్యలో సగం దాటలేదు. పడగొట్టింది ప్రతిపక్షం బలం కాదు, ఆ పూట సభకు రాని కాంగ్రెస్ సభ్యుల ఖాళీ కుర్చీలు. వాళ్లలో ఎంతమంది ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లారో, ఎంతమంది సొంత పొలాలు తలుచుకుని కావాలనే బద్ధకించారో యంత్రానికి తెలియదు. భూస్వాముల బిడ్డలు నిండుగా ఉన్న పార్టీలో రెండో రకం వాళ్లు లేరనుకోవడం మరీ అమాయకత్వం. రంగా ఎదురుగా నిలబడి వద్దన్నారు, వీళ్లు గైర్హాజరై వద్దన్నారు. ఈ రెంటిలో మొదటిదానికి మాత్రమే రికార్డు ఉంది, మొదటిదానికి మాత్రమే ఓటర్లు శిక్ష వేయగలరు.

ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. ఈ బిల్లు కోసమే ప్రత్యేక సమావేశం పిలిచింది. సమావేశం మొదలైన రోజు 1964 మే 27. ఆ మధ్యాహ్నమే నెహ్రూ కన్నుమూశారు. జూన్ మొదటి వారంలో, గుల్జారీలాల్ నందా తాత్కాలిక ప్రధానిగా ఉండగా, ఉభయ సభలూ బిల్లును ఆమోదించాయి. జూన్ 20న రాష్ట్రపతి సంతకమైంది. దుఃఖంలో ఉన్న సభలో అలాంటి బిల్లుకు కాదనడం మామూలు కన్నా కష్టం. అది గెలిచే ఓటు కాదు, చప్పట్లు తెచ్చే ఓటూ కాదు.

రంగా వాదన ఎంతవరకు సబబు? స్మారకోపన్యాసమని చెప్పి ఇక్కడ తప్పించుకుంటే ఆయనకే అవమానం. సవరణలో ఒక మినహాయింపు ఉంది: రైతు సొంతంగా సాగు చేసుకుంటూ పరిమితికి లోబడి ఉన్న భూమిని, దాని మీది కట్టడాలను ప్రభుత్వం తీసుకోవాలంటే మార్కెట్ ధర తగ్గకుండా ఇవ్వాల్సిందే. అంటే రెండెకరాలు, ఐదెకరాలు దున్నుకునే రైతుకు రక్షణ తగ్గలేదు సరికదా గట్టిపడింది. చిన్నరైతు భూమి పోతుందని ఊళ్లలో చేసిన ప్రచారం అతిశయోక్తే. ఇక 1961 ఆంధ్రప్రదేశ్ చట్టం సంగతి. భూమి రకాన్ని బట్టి అందులో పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా పోతుంది. కృష్ణా డెల్టాలో 27 ఎకరాల మాగాణి ఉన్న ఇల్లు ఊళ్లో ఎన్నో ఇల్లవుతుందో డెల్టా వాళ్లకు తెలుసు. పైగా పంపకాలకు కావలసినంత వ్యవధి దొరికింది. కొడుకుల పేర, కోడళ్ల పేర, కొన్నిచోట్ల పాలేళ్ల పేర కూడా పట్టాలు మారాయి. అంత రాజ్యాంగ యుద్ధం చేసి కాపాడిన చట్టం కింద పేదలకు దక్కిన భూమి బహు స్వల్పం. 1973లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. 1961 చట్టం కాగితం పులి. ఇటు రంగా దాన్ని చూసి భయపడ్డారు, అటు ప్రభుత్వం దాన్ని చూపించి భయపెట్టింది.

కానీ ఆయన అడిగిన మౌలికమైన ప్రశ్న అంతటితో పోలేదు. ఎస్టేటు కానిదాన్ని ఎస్టేటని నిర్వచించి కోర్టు తలుపు మూసేయవచ్చా? మూడేళ్లలో దీనికి జవాబు చెప్పిన పెద్దమనిషి కూడా తెలుగువాడే. ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. పంజాబ్‌లో జలంధర్ దగ్గర భూములున్న గోలక్‌నాథ్ కుటుంబం పదిహేడో సవరణనే సవాలు చేసింది. 1967 ఫిబ్రవరి 27న పదకొండు మంది న్యాయమూర్తుల్లో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు నిలిచారు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురూ తేల్చారు. అయితే జరిగిపోయినవాటిని కదిలించబోమని, ఇకముందు మాత్రం కుదరదని అన్నారు. పదిహేడో సవరణ అలా బతికిపోయింది. ఏప్రిల్‌లో సుబ్బారావు పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. ఆ ప్రతిపక్షాల్లో స్వతంత్ర పార్టీ ఒకటి. జాకిర్ హుస్సేన్ గెలిచారు. తీర్పు ఇచ్చిన రెండు నెలల్లో, ఆ తీర్పును హర్షించిన పార్టీ మద్దతుతో ఎన్నికలకు దిగడం న్యాయపీఠానికి శోభ కాదు. తీర్పును ఇష్టపడేవాళ్లు కూడా ఈ మాట ఒప్పుకోవాలి.

1967లో స్వతంత్ర పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమైంది. రంగా ఈసారి శ్రీకాకుళం నుంచి గెలిచారు. శిష్యుడు గౌతు లచ్చన్న జిల్లా అది. ఆ గెలుపు పక్కనే రెండు వైరుధ్యాలు కూడా వచ్చి కూర్చున్నాయి.

ఒకటి, పక్క కుర్చీల్లో ఉన్నవాళ్లు. జైపూర్ మహారాణి గాయత్రీదేవి, ఒడిశా సంస్థానాధీశుల గణతంత్ర పరిషత్ నుంచి వచ్చినవాళ్లు స్వతంత్ర పార్టీ పెద్దలు. రాజభరణాల రద్దుకు 1970లో ఇందిరాగాంధీ రాజ్యాంగ సవరణ తెచ్చినప్పుడు పార్టీ ఎదిరించింది. లోక్‌సభలో బిల్లు నెగ్గింది. సెప్టెంబరు 5న రాజ్యసభలో 149 మంది అనుకూలం, 75 మంది వ్యతిరేకం. మూడింట రెండు వంతులంటే 149 మీద ఇంకో మూడో వంతు కావాలి. మనిషిలో మూడో వంతు దొరకడు కాబట్టి బిల్లు పోయింది. వెంకటగిరి దివాణం మీదికి జనాన్ని నడిపించిన మనిషి, రాజుల భరణాలు కాపాడే పార్టీ మొదటి వరసలో తేలడం ఎలా జరిగింది? ఆస్తిహక్కును కాపాడాలంటే అందరి ఆస్తినీ కాపాడాలన్న తర్కం ఆయన్ను అక్కడికి తీసుకెళ్లింది. గీత ఆయనదే. ఆ గీత లోపలికి మాత్రం ఒకప్పుడు తానే బయటికి నెట్టినవాళ్లు వచ్చి చేరారు. ఆయన ప్రజాజీవితంలో ఇంతకన్నా బలహీనమైన ఘట్టం కనబడదు.

రెండోది, నియోజకవర్గం పక్కనే ఉన్న కొండ. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలయ్యారు. పార్వతీపురం ఏజెన్సీలో మొదలైన కదలిక శ్రీకాకుళం సాయుధ పోరాటమైంది. అక్కడ తగాదా ఎస్టేటుకీ రైతుకీ మధ్య కాదు. కొండ దిగువ నుంచి ఎక్కి వచ్చిన షావుకారుకీ, పోడు చేసుకునే సవరకీ, జాతాపుకీ మధ్య. ఏజెన్సీ భూమి గిరిజనుడి చేతిలోంచి అప్పు కాగితం మీదుగా జారిపోయింది. ఈ తగాదాలో ఎవరు రైతో తేల్చడానికి రంగా గీత పనికిరాదు.

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లాంటివాళ్ల విమర్శ ఎప్పుడూ ఇక్కడే తాకుతుంది. ఇద్దరూ కోస్తా జిల్లాల కలిగిన రైతు ఇళ్లలో పుట్టినవాళ్లే. సుందరయ్య వ్యవసాయ కూలీ వైపు నుంచి పొలాన్ని చూశారు, రంగా పట్టాదారు వైపు నుంచి చూశారు. రాజ్యాంగ సభలో లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ రంగా నిజమైన మైనారిటీలు ఈ దేశపు పేద జనసామాన్యమే అన్నారు. ఆ ప్రసంగం ఇవాళ చదివినా గట్టిగా ఉంటుంది. ఊళ్లోని పేదలందరినీ ఆయన మనసులో ఒకే రైతాంగం కిందికి కలిపేశారనిపిస్తుంది. పొలం ఉన్నవాడికీ పొలంలో కూలికి వెళ్లేవాడికీ మధ్య కూడా ఒక బిల్లు రావచ్చని, ఆ రోజున ఏదో ఒక మీట నొక్కాల్సి ఉంటుందని ఆ రైతాంగం అనే మాట ఒప్పుకోదు.

1971లో ఇందిర గాలిలో స్వతంత్ర పార్టీ 8 స్థానాలకు పడిపోయింది. రంగా మరుసటి ఏడు కాంగ్రెస్‌కు వెళ్లిపోయారు. 1977 నుంచి రాజ్యసభ, 1980 నుంచి గుంటూరు లోక్‌సభ స్థానం. 1984లో ఎన్టీఆర్ హోరులో రాష్ట్రంలోని 42 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 6. గుంటూరు వాటిలో ఒకటి. ఆయన మీద ఆ జిల్లాకున్న గౌరవానికి ఇంతకన్నా కొలత అక్కర్లేదు. కానీ 1980ల రంగా ప్రభుత్వ పక్షపు పెద్దాయన. 1964 నాటి పదును ఆయన నుంచి సభకు మళ్లీ అందలేదు.

ఆ రోజుల్లోనే ఒక విచిత్రం జరిగింది. 1985 జనవరి 30న లోక్‌సభ 52వ సవరణను ఆమోదించింది. ఒక్కరు కూడా వ్యతిరేకించలేదు. పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టమని మనం పిలిచే పదో షెడ్యూలు అదే. పార్టీని తనంతట తాను వదులుకున్నా, విప్‌ను ధిక్కరించి ఓటు వేసినా, అసలు ఓటు వేయకుండా ఊరుకున్నా సభ్యత్వం పోతుంది. ఈ చట్టం 1959లో ఉండి ఉంటే కాంగ్రెస్‌ను వదిలిన తెనాలి సభ్యుడు ఆ రోజే ఇంటికి వెళ్లాల్సి వచ్చేది. 1964 ఏప్రిల్‌లో ఉండి ఉంటే, ఆ ఖాళీ కుర్చీలన్నీ విప్ భయంతో నిండేవి, బిల్లు మొదటి ఓటులోనే గట్టెక్కేది. ఫిరాయింపుల సంత ఎంత అసహ్యంగా ఉండేదో తెలిసినవాళ్లకు ఆ చట్టం ఎందుకు వచ్చిందో తెలుసు. దాని ఖర్చు కూడా తెలియాలి. అప్పటినుంచి డివిజన్ జరిగినా అచ్చయ్యేది సభ్యుడి ఓటు కాదు, ఆయన పార్టీ ఓటు. కోటీశ్వరుడి కొడుకైనా కూలివాడి కొడుకైనా విప్ చెప్పిన మీటే నొక్కుతాడు. ఇవాళ్టి సభ్యుడి ఓట్ల పట్టీ ముందు పెట్టి ఆయన మనసు చదవడం జాతకం చెప్పడంతో సమానం. హాజరు, అడిగిన ప్రశ్నలు, ప్రైవేటు బిల్లులు లాంటివి చూసి తృప్తి పడాలి.

అంతకన్నా బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. తెలుగువాళ్ల జీవితంలో రాష్ట్ర విభజన కన్నా పెద్ద ఓటు ఈ తరంలో రాలేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించింది. రాజ్యాంగ సవరణ కాదు కాబట్టి మూజువాణి ఓటు చాలింది. టీవీ ప్రసారం ఆ సమయంలో ఆగిపోయింది. అంతకు ఐదు రోజుల ముందు సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన ఘనత కూడా మనదే కాబట్టి గందరగోళానికి సాకులు కావలసినన్ని ఉన్నాయి. తెలంగాణ కోసం నలభై ఏళ్లు ఎదురు చూసినవాళ్లయినా, విభజన వద్దని వీధికెక్కినవాళ్లయినా, తమ సభ్యుడి పేరు ఎదురుగా అవును, కాదు అన్న అక్షరాలు చూపించలేరు. 1964లో పదిహేడో సవరణకు ఎదురు నిలిచిన కొద్దిమందికి దక్కిన ఆ చిన్న గౌరవం, 2014లో ఈ పక్షానికీ లేదు, ఆ పక్షానికీ లేదు.

రంగా 1995లో కన్నుమూశారు. మరుసటి ఏడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. విభజన తర్వాత తెలంగాణ భాగం జయశంకర్ గారి పేరు పెట్టుకుంది, గుంటూరు దగ్గర లాంలో ఉన్నది రంగా పేరుతోనే నడుస్తోంది. ఆ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల పొలాల్లోకి వెళ్లి ఈ పొలం ఎవరిదని అడిగితే ఒక పేరు, ఎవరు చేస్తున్నారని అడిగితే ఇంకో పేరు చెబుతారు. డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలుదారులదే. పట్టాదారు హైదరాబాద్‌లోనో, డాలస్‌లోనో ఉంటాడు. బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం అడంగల్‌లో పేరున్నవాడి వెంట పోతాయి. దీన్ని సరిచేయడానికి 2011లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. రెండో చట్టం కింద పదకొండు నెలల కౌలు ఒప్పందం రాసుకుని కార్డు తీసుకోవచ్చు. ఆ ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనన్న భయంతో చాలామంది పెట్టరు. రైత్వారీ పట్టాను జమీందారు నుంచి కాపాడటానికి ఒక తరం చేసిన పోరాటంలోంచి పుట్టిన భయమే అది. ఇప్పుడది పొలంలో నిలబడ్డవాడికి అడ్డం తిరిగింది. ఆ సంతకం నిబంధన తీసేయాలా వద్దా అన్న ప్రశ్న ఎప్పటికైనా అసెంబ్లీకి వస్తుంది. వచ్చిన రోజున ప్రకాశం, గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల సభ్యులు కౌలుదారుల సభలో ఏం చెప్పారో పేపర్లో వస్తుంది. ఓటు ఎటు వేశారో అచ్చులో చూడాలంటే వాళ్లలో ఒక్కరైనా లేచి డివిజన్ అడగాలి.